పాత సర్వర్ దేనికోసం ఎదురుచూస్తుంది?

డేటాబేస్ సర్వర్ అంటే ఒక సంస్థకు చెందిన పేర్లను, లెక్కలను, లావాదేవీలను పట్టికల రూపంలో భద్రపరచి, ఒకే సమయంలో అడిగే పదిమందికీ జవాబు చెప్పే కంప్యూటర్. కళాశాల పరీక్షల విభాగంలోనైనా, సహకార బ్యాంకులోనైనా, ఓ మోస్తరు ఆస్పత్రిలోనైనా ఇటువంటి యంత్రాన్ని కొన్న ఏడెనిమిదేళ్లకో పదేళ్లకో ఒక దశ తప్పక వస్తుంది. అప్పటికి ఉన్నదానితో పని సాగదు, కొత్తది కొనే స్తోమత ఉండదు. చేతిలో ఉన్న కొద్ది మొత్తాన్ని మెమరీ మీద పెట్టాలా, డిస్కుల మీద పెట్టాలా, ప్రాసెసర్ మీద పెట్టాలా అన్న ప్రశ్నకు అమ్మకందారు ఇచ్చే ధరల పట్టికలో సమాధానం దొరకదు. సర్వర్ తన కాలంలో ఎంత భాగం పనిచేస్తోంది, ఎంత భాగం ఎదురుచూస్తోంది, ఆ ఎదురుచూపు ఏ భాగం కోసం అని అడిగినప్పుడే దొరుకుతుంది. పదేళ్లు నడిచినంత మాత్రాన ప్రాసెసర్ కూడికలు చేసే వేగం తగ్గదు. ఆ పదేళ్లలో పట్టికలు పెరుగుతాయి, అడిగేవారు పెరుగుతారు, భాగాల మధ్య వేగాల పొత్తు చెడుతుంది. యంత్రానికి వృద్ధాప్యం అనిపించేది చాలావరకు ఈ పొత్తు చెడటమే.

ప్రాసెసర్, మెమరీ, డిస్కు అనే మూడూ మూడు వేర్వేరు కాలమానాల్లో పనిచేస్తాయి. 3 గిగాహెర్ట్జ్ ప్రాసెసర్ సెకనుకు 300 కోట్ల అడుగులు వేస్తుంది; కరెంటు ఉన్నంతసేపే విషయాన్ని పట్టి ఉంచే మెమరీ, అంటే ర్యామ్, సుమారు 100 నానోసెకన్లలో జవాబిస్తుంది; నిమిషానికి 10,000 చుట్లు తిరిగే హార్డ్ డిస్కుకు మాత్రం ఎక్కడో ఉన్న ఒక చిన్న ముక్కను వెతికి ఇవ్వడానికి సుమారు 7 మిల్లీసెకన్లు కావాలి. అందులో 3 మిల్లీసెకన్లు పళ్లెం సగటున అర చుట్టు తిరగడానికి పోతాయి, మిగిలినవి చదివే హెడ్డు సరైన వలయం మీదికి జరగడానికి పోతాయి. ఆ 7 మిల్లీసెకన్లలో ప్రాసెసర్ 2 కోట్లకు పైగా అడుగులు వేయగలదు, కానీ అడిగిన ముక్క చేతికి అందేవరకు ఆ ప్రశ్న మీద అది చేయగలిగింది ఏమీ ఉండదు. 1956లో ఐబీఎం విడుదల చేసిన తొలి వాణిజ్య డిస్కు, 24 అంగుళాల వ్యాసం గల 50 పళ్లేలలో 50 లక్షల అక్షరాలను దాచి, కోరిన చోటికి చేరడానికి సగటున 600 మిల్లీసెకన్లు తీసుకునేది. ఆ తరువాతి అర్ధశతాబ్దంలో డిస్కులో పట్టే సమాచారం లక్షల రెట్లు పెరిగితే, వెతికే వేగం సుమారు వంద రెట్ల దగ్గర ఆగిపోయింది. లోహపు పళ్లేన్ని ఎంత కావాలంటే అంత వేగంగా తిప్పడానికి భౌతికశాస్త్రమూ విద్యుత్తు బిల్లూ రెండూ ఒప్పుకోలేదు.

చర్చ గాలిలో సాగకుండా ఉండటానికి 2013 చివర మార్కెట్లోకి వచ్చిన ఒక తరగతి సర్వర్‌ను ఉదాహరణగా తీసుకోవచ్చు. అందులో ఇంటెల్ జియాన్ ఈ5-2600 వీ2 కుటుంబానికి చెందిన రెండు ప్రాసెసర్లు, 32 గిగాబైట్ల డీడీఆర్3 మెమరీ, 10,000 చుట్ల డిస్కులు ఎనిమిది, వాటిని కలిపి నడిపే ఒక రెయిడ్ కంట్రోలర్ ఉన్నాయనుకుందాం. రెయిడ్ అంటే అనేక డిస్కులను ఒకటిగా చూపిస్తూ, వాటిలో ఒకటి పాడైనా సమాచారం పోకుండా కాచే ఏర్పాటు. బర్కిలీలోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయంలో డేవిడ్ ప్యాటర్సన్, గార్త్ గిబ్సన్, రాండీ కాట్జ్ 1988లో ప్రచురించిన వ్యాసం దీనికి ఈ పేరు పెట్టింది. ఖరీదైన ఒక పెద్ద డిస్కు చేసే పనిని చవకైన చిన్న డిస్కుల బృందం చేయగలదన్నది వారి వాదన గనుక, ఈ ఆలోచన పుట్టుకలోనే పొదుపు ఉంది.

ఒక్కో డిస్కు 7 మిల్లీసెకన్లకు ఒక పని చేస్తే సెకనుకు సుమారు 140 పనులవుతాయి, ఎనిమిదీ కలిసి సుమారు 1,100. చదవడం వరకు ఈ లెక్క సరిపోతుంది. రాయడం దగ్గరకు వచ్చేసరికి, ఎక్కువ స్థలం మిగులుతుందని చాలాచోట్ల ఎంచుకున్న రెయిడ్ 5 అమరికలో, ఒక చిన్న మార్పు రాయాలంటే పాత ముక్కను, దాని పారిటీని, అంటే పోయిన ముక్కను తిరిగి లెక్కగట్టడానికి దాచిన సరిచూపు విలువను, ముందు చదివి, ఆ తరువాత రెండింటినీ కొత్తగా రాయాలి. ఒక రాతకు నాలుగు డిస్కు పనులు పడతాయి కనుక 1,100 కాస్తా సెకనుకు 280 రాతలకు దిగిపోతుంది. ప్రతి ముక్కనూ రెండు డిస్కులలో జంటగా రాసే రెయిడ్ 10లో రాతకు రెండే పనులు గనుక అవే డిస్కులు దాదాపు 550 రాతలు చేస్తాయి. స్థలం సగానికి తగ్గినా చాలే సంస్థ, బ్యాకప్ తీసి, డిస్కులను కొత్తగా అమర్చి, సమాచారాన్ని తిరిగి నింపుకుంటే, ఒక్క రూపాయి వస్తువు కొనకుండానే రాత వేగాన్ని రెట్టింపు చేసుకోగలదు. పాత సర్వర్ల విషయంలో ఇటువంటి ఉచిత లాభాలు అనుకున్నదానికంటే ఎక్కువే ఉంటాయి, కొనుగోలు ఉత్తర్వు రాసే తొందరలో వాటిని ఎవరూ వెతకరు.

వెతకడానికి సాధనాలు కూడా ఉచితమే. లైనక్స్ మీద నడిచే ఐఓస్టాట్ అనే చిన్న ప్రోగ్రామ్, ప్రతి డిస్కు ఎన్ని పనులు చేస్తోందో, ఒక్కో పని ఎన్ని మిల్లీసెకన్లు ఆగుతోందో చెబుతుంది. పోస్ట్‌గ్రెస్ డేటాబేస్‌లో ఉండే పీజీ స్టాట్ స్టేట్‌మెంట్స్ అనే అనుబంధం, మొత్తం కాలాన్ని ఏ ప్రశ్న ఎంత తినేస్తోందో లెక్కగట్టి చూపిస్తుంది. ఒకే ఒక్క ప్రశ్న సగం కాలాన్ని మింగేస్తూ, దానికి కావలసిన ఇండెక్స్, అంటే కోరిన వరుస ఎక్కడుందో నేరుగా చూపే క్రమబద్ధమైన సూచిక, లేకపోవడమే కారణమని తేలే సందర్భాలు అరుదేమీ కావు. ఆ ఇండెక్స్ తయారుచేయడానికి పట్టే అరగంట, లక్ష రూపాయల పరికరం చేయలేని పని చేస్తుంది. పోస్ట్‌గ్రెస్ తన సొంత వాడకానికి తీసుకునే మెమరీ, ఎవరూ మార్చకపోతే, 128 మెగాబైట్లే. మై ఎస్‌క్యూఎల్ అనే మరో డేటాబేస్‌లో ఇదే పని చేసే ఇన్నోడీబీ బఫర్ పూల్‌కూ తొలి విలువ అంతే. 32 గిగాబైట్లు ఉన్న యంత్రం ఈ విలువలతోనే ఏళ్ల తరబడి నడుస్తుంటే, అదనపు మెమరీ కొనాలనే ప్రతిపాదన ఎంత బలంగా వినిపించినా, దాన్ని పక్కన పెట్టి ముందు ఆ సెట్టింగులను సరిచేయాలి.

ఇంత చేసిన తరువాత కూడా డిస్కుల దగ్గర ఎదురుచూపు తగ్గకపోతే అప్పుడు మెమరీ గురించి ఆలోచించడం న్యాయం. గాదెలో ఎన్ని బస్తాల ధాన్యం ఉన్నా రోజూ వండుకునే బియ్యం వంటింటి డబ్బాలో చేతికందేలా ఉంటాయి. డేటాబేస్‌లోనూ వందల గిగాబైట్ల పాత రికార్డుల మధ్య నిత్యం అవసరపడే భాగం చిన్నదే, దాన్నే వర్కింగ్ సెట్ అంటారు. ఆ భాగం మెమరీలో ఇమిడినంతవరకు డిస్కు నెమ్మదితనం బయటికి కనిపించదు. అది మెమరీని దాటిన వారమే సర్వర్ హఠాత్తుగా కుప్పకూలినట్టు అనిపిస్తుంది. ఏ ముక్కను మెమరీలో ఉంచడం లాభమో, దేన్ని డిస్కుకు వదిలేయడం లాభమో తేల్చే లెక్కను జిమ్ గ్రే, జియాన్‌ఫ్రాంకో పుట్‌జోలు 1987లో ప్రచురించారు. అప్పటి ధరల్లో సెకనుకు ఒకసారి డిస్కును తాకే సామర్థ్యం ఖరీదు సుమారు 2,000 డాలర్లు, ఒక కిలోబైటు మెమరీ ఖరీదు సుమారు 5 డాలర్లు. మొదటిదాన్ని రెండోదానితో భాగిస్తే 400 సెకన్లు వస్తాయి కనుక, ఒక కిలోబైటు ముక్కను సుమారు ఐదు నిమిషాలకు ఒకసారైనా అడుగుతున్నట్లయితే దాన్ని మెమరీలో ఉంచుకోవడమే చవక అని వారు తేల్చారు. దీనికి ఐదు నిమిషాల సూత్రం అని పేరు వచ్చింది. పదేళ్ల తరువాత గ్రే, గ్యోట్జ్ గ్రేఫే కలిసి, ఇరవై ఏళ్ల తరువాత గ్రేఫే ఒక్కరే, దీన్ని మారిన ధరలతో తిరిగి పరిశీలించారు. ధరలు మారిన ప్రతిసారీ అంకెలు మారతాయి, కానీ మెమరీ ధరనూ డిస్కు పని ధరనూ పక్కపక్కన పెట్టి, మధ్యలో వాడకపు వ్యవధిని ఉంచి చూసే ఆ పద్ధతి నేటికీ చెక్కుచెదరలేదు. ఏ చిన్న సంస్థ అయినా కాగితం మీద ఒక పూటలో వేసుకోగల లెక్క ఇది.

పాత సర్వర్లకు మెమరీ చేర్చడంలో ఒక అనుకూలత ఉంది. పెద్ద కంపెనీలు వదిలించుకున్న డీడీఆర్3 పలకలు వాడిన సరుకుగా మార్కెట్లోకి వస్తాయి. సికింద్రాబాద్ పార్క్‌లేన్‌లోని చెనాయ్ ట్రేడ్ సెంటర్ వంటి కంప్యూటర్ బజార్లలో వీటి కోసం అడగవచ్చు, అయితే అడిగేవారు మూడు సంగతులు తెలుసుకుని వెళ్లాలి. మొదటిది, సర్వర్ పలకలో ఈసీసీ ఉండాలి, అంటే ఒక బిట్ తారుమారైతే సరిదిద్ది, రెండు తారుమారైతే కనిపెట్టి చెప్పే ఏర్పాటు; లెక్కల పుస్తకం దాచే యంత్రంలో దీన్ని వదులుకోవడం పొదుపు అనిపించుకోదు. రెండోది, రిజిస్టర్డ్ పలకలను, మామూలు పలకలను కలిపి పెడితే సర్వర్ అసలు లేవదు. మూడోది, ఈ తరం ప్రాసెసర్‌కు మెమరీ దారులు నాలుగు గనుక పలకలను నాలుగేసి చొప్పున సమంగా పంచాలి, ఒకే దారిలో మూడో పలక చేరిస్తే మెమరీ వేగం తగ్గుతుంది.

మెమరీ చదవడానికి చేసే మేలు రాయడానికి చేయదు, ఇక్కడే నిల్వ పరికరం మార్చక తప్పని స్థితి వస్తుంది. తిరిగే పళ్లెం లేకుండా, ఎలక్ట్రాన్లను బంధించి సమాచారాన్ని దాచే నాండ్ ఫ్లాష్‌ను తోషిబాలో ఫుజియో మసువోకా బృందం 1987లో ప్రకటించింది. దాని మీద నిర్మించిన ఎస్‌ఎస్‌డీ ఒక చిన్న ముక్కను సుమారు 100 మైక్రోసెకన్లలో ఇస్తుంది, అంటే 10,000 చుట్ల డిస్కు కంటే 70 రెట్లు తొందరగా. వీటిలో పాత డిస్కుల గూటిలోనే ఒదిగే సాటా రకం సెకనుకు సుమారు 550 మెగాబైట్ల దగ్గర ఆగితే, 2011లో మొదటి ప్రమాణం వెలువడిన ఎన్‌వీఎంఈ రకం, పీసీఐ ఎక్స్‌ప్రెస్ దారి నాలుగు వరుసల మీదుగా మూడో తరంలోనే దాదాపు 4 గిగాబైట్లు పంపగలదు. పాత సర్వర్‌లో ఖాళీగా ఉన్న స్లాట్‌లో చవకైన అడాప్టర్ కార్డు పెట్టి ఎన్‌వీఎంఈ డ్రైవ్‌ను బిగించవచ్చు. ఆనాటి ఫర్మ్‌వేర్‌కు దాని నుంచి ఆపరేటింగ్ సిస్టమ్‌ను లేపడం తెలియకపోవచ్చు గనుక, సిస్టమ్‌ను పాత డిస్కు మీదే ఉంచి డేటాబేస్ ఫైళ్లను మాత్రం కొత్తదాని మీదికి మార్చాలి. కొన్ని సర్వర్లు తమ జాబితాలో లేని కార్డును చూడగానే ఫ్యాన్లను పూర్తి వేగంతో తిప్పుతాయన్నదీ ముందే తెలిసి ఉండటం మంచిది. చిన్న చిన్న ముక్కలను అడిగే డేటాబేస్‌కు సెకనుకు ఎన్ని గిగాబైట్లన్న అంకె కంటే ఒక్కో ముక్కకు పట్టే వ్యవధి ముఖ్యం, పళ్లెం నుంచి ఫ్లాష్‌కు మారినప్పుడు అది పడిపోయినంతగా సాటా నుంచి ఎన్‌వీఎంఈకి మారినప్పుడు పడిపోదు. అందువల్ల ఉన్న గూళ్లలోనే రెండు సర్వర్ తరగతి సాటా ఎస్‌ఎస్‌డీలను జంటగా అమర్చుకోవడం చాలా పాత సర్వర్లకు చాలినంత చికిత్స.

సర్వర్ తరగతి అన్న మాట మీద కొంత ఆగాలి, ఎందుకంటే డబ్బు మిగల్చబోయి నష్టపోయేది ఎక్కువగా ఇక్కడే. డేటాబేస్ ఒక లావాదేవీ ముగిసిందని చెప్పే ముందు ఆ మార్పును లాగ్ అనే వరుస పుస్తకంలో రాసి, అది నిజంగా శాశ్వత నిల్వలోకి చేరిందని డ్రైవ్ చేత చెప్పించుకుంటుంది. ఈ ఆదేశాన్ని ఎఫ్‌సింక్ అంటారు, బ్యాంకులో డబ్బు కట్టినవాడికి రసీదు ఇవ్వడంలోని నిజాయితీ అంతా దీని మీద ఆధారపడి ఉంటుంది. ఎస్‌ఎస్‌డీ తనకు అందిన రాతను ముందు తన లోపలి తాత్కాలిక మెమరీలో ఉంచుకుని తీరిక మీద ఫ్లాష్‌లోకి ఎక్కిస్తుంది. సర్వర్ తరగతి డ్రైవ్‌లో ఉండే కెపాసిటర్లు, కరెంటు పోయినా, ఆ తాత్కాలిక రాతలను ఫ్లాష్‌లోకి దించడానికి చాలినంత శక్తిని దాచి ఉంచుతాయి. అందువల్ల అది ఎఫ్‌సింక్‌కు వెంటనే, సత్యంగా జవాబివ్వగలదు. ఇంటి వాడకం డ్రైవ్‌లో అవి ఉండవు. అది నిజాయితీగా పనిచేస్తే ప్రతి రాతకూ ఫ్లాష్ దాకా వెళ్లి రావాలి, ప్రకటనలో ముద్రించిన వేగం అప్పుడు ఛాయామాత్రంగా కూడా కనిపించదు, నిజాయితీగా పనిచేయకపోతే కరెంటు పోయిన క్షణాన ముగిసినవని చెప్పిన లావాదేవీలు మాయమవుతాయి. వేసవి గాలివానలకు సరఫరా తెగిపోయే ఊళ్లలో దీన్ని ఊహాజనితమైన ప్రమాదం అనలేము. యూపీఎస్ ఉందన్న ధీమా కూడా చాలదు. దాని బ్యాటరీలూ సర్వర్‌తో పాటే ముసలివవుతాయి, పైగా సర్వర్ లోపలి పవర్ సప్లై కాలిపోతే, ఎవరో తెలియక వైరు లాగేస్తే యూపీఎస్ చేయగలిగింది ఏమీ లేదు.

ఎస్‌ఎస్‌డీల గురించి ఎక్కువమంది భయపడేది అరుగుదలకు. ఫ్లాష్‌లో రాయడం చిన్న పేజీలుగా సాగినా చెరపడం పెద్ద బ్లాకులుగానే సాధ్యం కనుక, డ్రైవ్ తనలో తాను సమాచారాన్ని అటూ ఇటూ జరుపుకుంటూ, అడిగినదానికంటే ఎక్కువ రాస్తుంది. రోజుకు 50 గిగాబైట్లు రాసే ఓ మోస్తరు డేటాబేస్, లోపలి వృద్ధితో కలిపి 150 గిగాబైట్లు రాసిందనుకున్నా ఏడాదికి 55 టెరాబైట్లు. 600 టెరాబైట్ల రాతకు హామీ ఉన్న మామూలు 1 టెరాబైట్ డ్రైవ్ కూడా పదేళ్లకు పైగా నిలుస్తుంది. రోజుకొకసారి పూర్తిగా నింపి రాసినా ఐదేళ్లు ఉంటానని చెప్పే 960 గిగాబైట్ల సర్వర్ డ్రైవ్ హామీ 1,752 టెరాబైట్లు. కాబట్టి చిన్న సంస్థ అదనపు డబ్బు పెట్టవలసింది ఓర్పు అంకె కోసం కాక కెపాసిటర్ల కోసం, వాడిన సర్వర్ డ్రైవ్ కొంటే దానిలోనే నమోదై ఉండే అరుగుదల శాతాన్ని చూసి కొంటే సరిపోతుంది. జంటగా పెట్టే రెండింటినీ ఒకే మోడల్, ఒకే తయారీ తేదీ నుంచి తీసుకోకపోవడం మేలు: 2019 నవంబరులో హ్యూలెట్ ప్యాకర్డ్ ఎంటర్‌ప్రైజ్ తాను అమ్మిన కొన్ని ఎస్‌ఎస్‌డీలు సరిగ్గా 32,768 గంటలు నడిచాక పనిచేయడం మానేస్తాయని, ఫర్మ్‌వేర్ వెంటనే మార్చుకోవాలని హెచ్చరించింది. ఒకే రోజు మొదలైన జంట ఒకే గంటకు ఆగిపోతే రెయిడ్ ఏ రకమైనా ప్రయోజనం లేదు.

డ్రైవ్ మార్చిన తరువాత డేటాబేస్‌కు ఆ సంగతి తెలియజేయాలి. దూరంగా ఉన్న పేజీని తేవడం వరుసగా ఉన్న పేజీని తేవడం కంటే నాలుగు రెట్లు ఖరీదని పోస్ట్‌గ్రెస్ తొలి నుంచి భావిస్తుంది. తిరిగే పళ్లేల కాలం నాటి ఈ విలువను 1.1 వంటి అంకెకు తగ్గించకపోతే, అది ఇండెక్స్‌లను పక్కన పెట్టి పట్టికలను మొదటి నుంచి చివరి దాకా చదువుతూనే ఉండవచ్చు.

ప్రాసెసర్ గురించి చెప్పవలసింది కొద్దే. డిస్కు, మెమరీ సరిపడా ఉన్నా ప్రాసెసర్ నిండుగా పనిచేస్తుంటేనే దాన్ని మార్చాలి. ఉదాహరణలోని సర్వర్‌లో 12 కోర్లు, అంటే ప్రాసెసర్‌లో విడివిడిగా లెక్కలు చేసే భాగాలు, 2.7 గిగాహెర్ట్జ్‌తో నడిచే ఈ5-2697 వీ2 కంటే, 8 కోర్లు 3.3 గిగాహెర్ట్జ్‌తో నడిచే ఈ5-2667 వీ2 ఒక్కో ప్రశ్నకు త్వరగా జవాబిస్తుంది. మైక్రోసాఫ్ట్ వారి డేటాబేస్ ఎస్‌క్యూఎల్ సర్వర్ 2012 నుంచి కోర్ల లెక్కన లైసెన్సు వసూలు చేస్తుంది గనుక, అటువంటి చోట కోర్లు పెంచడం అంటే యంత్రం ఖరీదును మించిన బిల్లును ఆహ్వానించడమే.

ఈ మరమ్మతులన్నిటికీ ఒక హద్దు ఉంది. సగటున 250 వాట్లు తీసుకుంటూ ఏడాది పొడుగునా నడిచే సర్వర్ 2,190 యూనిట్లు ఖర్చు చేస్తుంది. యూనిట్‌కు 10 రూపాయలనుకుంటే 21,900 రూపాయలు, గదిని చల్లబరిచే ఏసీ ఖర్చు దీనికి అదనం. అదే పనిని 80 వాట్లతో చేయగల కొత్త చిన్న సర్వర్‌కు ఏడాదికి 7,000 రూపాయల కరెంటు చాలు. తయారీదారు ఫర్మ్‌వేర్ మార్పులు ఆపేసి, విడిభాగాలు వాడిన సరుకుగా తప్ప దొరకని స్థితి వచ్చినప్పుడు, ఆ తేడాను మూడేళ్లకు కూడి, మరమ్మతు ఖర్చుతో కలిపి చూస్తే, కొన్నిసార్లు కొత్తదే చవక అని తేలుతుంది. అలా తేలిన రోజున పాతదాని మీద మమకారంతో డబ్బు పోయకూడదు.

ఎస్‌ఎస్‌డీలు రాగానే ఖాళీ అయ్యే పాత పళ్లేల డిస్కులకు మంచి పని ఒకటి మిగిలి ఉంది. వరుసగా రాసే బ్యాకప్‌కు వాటి నెమ్మదితనం అడ్డు కాదు, కనుక అవి వేరొక యంత్రంలో, వీలైతే వేరొక గదిలో, రోజువారీ బ్యాకప్‌లను దాచగలవు. రెయిడ్ డిస్కు చావును తట్టుకుంటుంది గానీ, ఒక ఉద్యోగి పొరపాటున చెరిపిన పట్టికను రెండు డిస్కుల్లోనూ ఒకేసారి చెరుపుతుంది, కాబట్టి అది ఏనాడూ బ్యాకప్‌కు ప్రత్యామ్నాయం కాలేదు. పాత సర్వర్‌కు కొత్త డ్రైవ్ కొనబోయే ప్రతి నిర్వాహకుడూ, ఆర్డరు పెట్టక ముందే, నిన్నటి బ్యాకప్‌ను మరో కంప్యూటర్ మీద పూర్తిగా తిరిగి నింపి, అందులోని రికార్డులను అసలు డేటాబేస్‌తో సరిచూసుకోవాలి; అది సరిగా నిండేవరకు పాత డిస్కులలో దేన్నీ ముట్టుకోవద్దు.